వెనకనుంచి వచ్చే లారీ అన్నలకు ఒక సైకిల్ వాడి ఉత్తరం

గోదావరి పొడవునా ఇసుక, బొగ్గు, బూడిద, జామాయిల్ కర్ర మోసే డ్రైవరన్నలందరికీ నమస్కారం.

మీలో ఎవరైనా ఈ ఫిబ్రవరిలో బాసర నుంచి కిందికి గోదావరి పక్క రోడ్ల మీద తిరిగి ఉంటే, వెనక రెండు సంచులు వేలాడేసుకుని, నెత్తిన పసుపు హెల్మెట్ పెట్టుకుని, ఎత్తు వచ్చినప్పుడల్లా నోరు తెరుచుకుని తొక్కుతున్న నలభై ఆరేళ్ల మనిషిని చూసే ఉంటారు. అది నేనే. చూసి ఉండకపోతే ఈ ఉత్తరం అసలు మీకే.

నేను రాజమండ్రిలో పిల్లలకి లెక్కలు చెప్పుకునే వాణ్ణి. బాసరలో బయల్దేరి అంతర్వేదిలో సముద్రం కనపడేదాకా తొక్కాను, తొమ్మిది రోజులు, మీటరులో 834 కిలోమీటర్లు చూపించింది, అందులో దారి తప్పి తిరిగినవి ఓ ముప్పై ఉంటాయి. గోదావరి మొత్తం పొడవు 1465 కిలోమీటర్లు అంటారు కాబట్టి నది అంతా చూడలేదు, మన తెలుగు ముక్క మాత్రం చూశాను. ఎందుకు తొక్కావని అడక్కండి, ఇంట్లోనే చెప్పలేకపోయాను.

తిరిగొచ్చాక అందరూ అడిగింది ఒకటే, గోదారి ఎక్కడ బాగుంది అని. నిజం చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, మీకు చెప్తాను. ఆ తొమ్మిది రోజుల్లో నేను గోదావరిని చూసింది తక్కువ, మిమ్మల్ని చూసింది ఎక్కువ. నది పక్కన రోడ్డు అంటాం గానీ, నది ఎక్కడో పొలాల అవతల, అడవి అవతల ఉంటుంది, బ్రిడ్జి వచ్చినప్పుడు కాసేపు కనపడి పోతుంది. బాసర దగ్గర ఒకసారి, ధర్మపురి దాటాక రాయపట్నం బ్రిడ్జి మీద ఒకసారి, కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి కలిసే చోట స్నానానికి దిగినప్పుడు తీరిగ్గా ఒకసారి. మిగతా టైమంతా నా కుడి మోచేతికి మీ బండి చక్రమే.

మీ లోడుని బట్టే ఏ ఊరొచ్చిందో చెప్పడం మూడో రోజుకి వచ్చేసింది. ఆర్మూరు, మెట్‌పల్లి వైపు పసుపు తవ్వే రోజులు కదా, బండి దాటిపోయాక పది సెకన్లు పచ్చి పసుపు వాసన గాల్లో ఉండిపోయేది. మంచిర్యాల, గోదావరిఖని రాగానే గాలి నల్లబడింది, సాయంత్రం ముఖం కడుక్కుంటే లాడ్జి వాష్‌బేసిన్ బొగ్గు కడిగినట్టు అయింది. మంథని దాటాక ఇసుక. కాటారం, భూపాలపల్లి దగ్గర ఇసుకా బొగ్గూ రెండూ. మంగపేట దాటి మణుగూరు వైపు వస్తే బొగ్గుతో పాటు బూడిద లారీలు, సారపాక చేరేసరికి పేపరు మిల్లుకి పోయే జామాయిల్ కర్ర. మారేడుమిల్లి ఘాట్ దిగి గోకవరం వచ్చాక జీడిమామిడి తోటల మధ్య కాస్త ఊపిరి పీల్చుకున్నాను, మళ్ళీ కోనసీమలో కొబ్బరి లోళ్ళు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల వ్యాన్లు. పై ఊళ్ళల్లో యాసంగి నాట్లు అన్న వాటినే కిందికొచ్చేసరికి దాళ్వా అంటున్నారు, నది మాత్రం అదే, మీ టైర్లూ అవే.

చెవితో బండిని పోల్చుకోవడం కూడా వచ్చింది. లోడు బండి కింది గొంతుతో మూలుగుతూ వస్తుంది, అర కిలోమీటరు ముందే తెలుస్తుంది, నాకు సర్దుకోవడానికి టైముంటుంది. భయపెట్టేది ఖాళీ టిప్పర్. తొట్టి డబడబలాడుకుంటూ, గొలుసులు కొట్టుకుంటూ, ఇసుక రీచ్ దగ్గర లైన్లో ముందు నిలబడాలన్న తొందరలో వచ్చేస్తుంది. దాని చప్పుడు వినపడేసరికే అది పక్కన ఉంటుంది. పెద్ద బండి దగ్గరగా దాటిపోతే సైకిల్ మీద ఏమవుతుందో మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెప్తున్నాను. ముందు గాలి బయటికి తోస్తుంది. పడిపోకుండా హ్యాండిల్ లోపలికి తిప్పుకుంటాం. సరిగ్గా అప్పుడే తొట్టి దాటిపోయి గాలి లోపలికి లాగుతుంది. మనం తిప్పిందీ లోపలికే, గాలి లాగిందీ లోపలికే. వెనక చక్రాలు అక్కడే ఉంటాయి. మొదటి రోజు రెండుసార్లు ఆ లాగుడుకి నా కాళ్ళలో బలం పోయింది, దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను, ఎవరూ చూడట్లేదని కాసేపు రోడ్డు పక్కన కూర్చున్నాను కూడా.

కాటారం దాటాక జరిగింది ఒకటి చెప్పాలి. బండి నంబరు గుర్తులేదు, గుర్తున్నా రాయను. రెండు లైన్ల రోడ్డు, ఎదురుగా బస్సు, వెనక టిప్పర్, మధ్యలో నేను. బస్సాయన లైట్లు కొట్టాడు, టిప్పరాయన హారన్ కొట్టాడు, ఇద్దరూ ఆగలేదు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడ కాళ్ళు విరిగినట్టు అంటారే, అలా అవ్వాల్సింది, నేను తారు అంచు దిగిపోయాను కాబట్టి మిగిలాను. అక్కడ అంచుకీ మట్టికీ జానెడు లోతు తేడా ఉంది. ముందు చక్రం దిగింది, సైకిల్ ఒక్కసారి గుర్రం తన్నినట్టు ఎగిరింది, నేను కంపచెట్టు కొమ్మ పట్టుకుని ఆగాను. టిప్పర్ వెళ్ళిపోయింది. ఆ డ్రైవరు నన్ను చూసి కూడా తోసేశాడని ఆ రోజంతా తిట్టుకున్నాను. రాత్రి భూపాలపల్లిలో అన్నం తింటూ కూడా తిట్టాను, పక్క టేబుల్లో ఇద్దరు డ్రైవర్లు ఉంటే వాళ్ళకి వినపడాలని కాస్త గట్టిగానే. వాళ్ళు తలెత్తలేదు.

ఆ తిట్లు వెనక్కి తీసుకోవడానికే ఈ ఉత్తరం. పూర్తిగా కాదు, సగం.

తాడ్వాయి అడవి దాటి, ఏటూరునాగారం దాటి, మర్నాడు మంగపేట అవతల ఒక మలుపులో పడ్డాను. అక్కడ ఎవరూ నన్ను తొయ్యలేదు. తడి ఇసుక వేసుకుని పోయే బళ్ళ వెనక డోరు సందులోంచి నీళ్ళూ ఇసుకా కలిసి కారుతూ పోతాయి కదా, నీళ్ళు ఆరిపోయాక ఆ ఇసుక మిగతా బళ్ళ గాలికి కొట్టుకొచ్చి రోడ్డు అంచుకి చేరుతుంది. మీరు నన్ను ఉండమనేది కూడా ఆ అంచులోనే. మలుపులో దాని మీద సైకిల్ టైరు పడితే గోళీల మీద కాలేసినట్టే. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి, ప్యాంటు చిరిగింది, మీటరు ఎగిరి పత్తి చేలో పడింది.

వెనకనుంచి జామాయిల్ లోడు ఒకటి వచ్చి, నన్ను దాటి, ముందుకెళ్ళి పక్కకి తీసి ఆగింది. దిగినాయనకి యాభై పైన ఉంటాయి, లుంగీ, మెడలో తువ్వాలు. క్యాన్ తెచ్చి నీళ్ళు పోస్తూ, దెబ్బలోంచి ఒక్కో ఇసుక రేణువూ తువ్వాలు కొసతో తీస్తూ, "ఇది గోదారి ఇసుక, ఊరికే పోదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎక్కడినుంచి ఎక్కడికి అన్నాడు, చెప్పాను. లేచి నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. నా సంచులు నల్లవి, చొక్కా బూడిద రంగు, వెనక లైటు ఉంది గానీ ఛార్జింగ్ ఆదా చేద్దామని పగలు వేసేవాణ్ణి కాదు. "చెట్ల నీడలో నువ్వెట్ల కనపడతవు సారూ మాకు? రోడ్డు రంగులోనే ఉన్నవు" అన్నాడు. బండి వెనక్కి వెళ్ళి, బయటికి పొడుచుకొచ్చిన కర్రల కొసలకి కట్టిన ఎర్ర గుడ్డల్లోంచి ఒకటి విప్పుకొచ్చి నా క్యారేజీకి కట్టాడు. ఇంకా రెండున్నాయిలే నాకు, అన్నాడు.

ఆ గుడ్డ ఏమంత గొప్పది కాదు, పాత లంగా ముక్క, ఒక మూల గ్రీజు మరక. అక్కణ్ణుంచి అంతర్వేది దాకా అది నా వెనక ఎగురుతూనే ఉంది. సగం డ్రైవర్లు ముందు కన్నా ఎడంగా పోయారా, లేక నాకే అలా అనిపించిందా అంటే లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి ఖాయంగా చెప్పలేను. దూరం కొలవలేదు కదా.

అదే డ్రైవరన్న మళ్ళీ సారపాకలో టీ కొట్టు దగ్గర తగిలాడు. మిల్లు గేటు దగ్గర లైన్లో ఉన్నాడట, పొద్దున్నే లోపలికి పిలుస్తారట. ఆ కొట్టు గోడ మీద 2022 జూలైలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గీత గీసి ఉంది, నా తల మీదకి చెయ్యెత్తితే అందింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులైతే ఆ ఏడు 71.3 అడుగులు వచ్చింది, 1986లో వచ్చిన 75.6 తప్పితే అదే పెద్దది. బ్రిడ్జి మీద బళ్ళు ఆపేసినప్పుడు అన్న కూడా ఇవతల ఇరుక్కున్నాడట, బండి మెరక మీద పెట్టి మూడు రోజులు క్యాబిన్‌లోనే వండుకుని తిన్నాడట. ఇదంతా చెప్తూ చెప్తూ, "సరే గానీ నా సీట్లో కూసుంటవా ఒకసారి" అన్నాడు.

కూర్చున్నాను. అన్నా, నేను ఇన్నేళ్ళు మీ బళ్ళ పక్కన తిరిగాను గానీ లోపలినుంచి రోడ్డు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. అంత ఎత్తులో ఉంటే అన్నీ కనపడతాయనుకున్నాను. ఆయన కిందికి దిగి నా సైకిల్ పట్టుకుని ఎడమ వైపు ముందు చక్రం పక్కన నిలబడ్డాడట. నాకు ఆయనా లేడు, సైకిలూ లేదు. ఎడమ అద్దంలో తొట్టి అంచు, ఒక వేపచెట్టు మాత్రమే ఉన్నాయి. ఆయన డోరు మీద చేత్తో కొడితే అప్పుడు తెలిసింది మనిషి అక్కడున్నాడని. తర్వాత బంపర్‌కి ఆనుకుని ముందు నిలబడ్డాడు. అప్పుడూ లేడు. నడినెత్తిన ఉన్న జుట్టు కొంచెం కనపడిందేమో. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి అద్దానికి అవతలే ఉండి మాయమయ్యాడు. నా వీపు చల్లబడింది. ఎందుకంటే గేట్ల దగ్గర, చెక్‌పోస్టుల దగ్గర లైను కట్టిన లారీల ఎడమ సందులోంచి దూరి ముందుకెళ్ళి బంపర్ ముందు నిలబడే తెలివైనవాణ్ణి నేనే. జీవితమంతా చేసింది అదే. మీరు చూసి కూడా ఆగలేదని తిట్టిన ప్రతిసారీ మీరు చూశారనే ఎలా అనుకున్నాను?

క్లీనర్ ఉన్న రోజుల్లో వాడే నా ఎడమ కన్ను సారూ, అన్నాడాయన. కిటికీలోంచి తలపెట్టి, బండి వైపు దెబ్బ వేసి, రానీ రానీ, సైకిల్ సైకిల్ అని అరిచేవాడు. ఇప్పుడు పిల్లలెవరూ క్లీనరు పనికి రావట్లేదు, వచ్చినా ఓనరు జీతం ఇవ్వడు. ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మిగిలిన జీతంలో కొంచెం పెట్టి ఎడమ వైపు ఒక గుండ్రటి అద్దమైనా పెట్టించండి. పెద్ద ఖర్చు కాదు, మీ తొట్టి మీద అమ్మవారి బొమ్మ వేయించడానికి ఇచ్చినంత కూడా కాదు.

సరే, ఇక అడగాల్సింది అడుగుతాను.

ఎదురుగా బండి వస్తుంటే, ముందు సైకిల్ ఉంటే, ముగ్గురం ఒకే చోట కలుస్తామని మీకు తెలుస్తూనే ఉంటే, ఒక్క పది సెకన్లు సైకిల్ వెనకే రండి. లెక్క చెప్తాను, నాకు వచ్చింది అదే. మీరు అరవైలో వస్తున్నారు, నేను పద్దెనిమిదిలో పోతున్నాను. పది సెకన్లు నా స్పీడులో వస్తే మీరు 50 మీటర్లు కదులుతారు, లేకపోతే 167 మీటర్లు వెళ్ళేవాళ్ళు. తేడా 117 మీటర్లు, అరవైలో అది ఏడు సెకన్లు. లోడు బండిని తగ్గించి మళ్ళీ గేర్లెక్కించి అందుకోవాలంటే ఇంకో అర నిమిషం, కొంత డీజిల్ కూడా వేసుకుందాం. మీకు ట్రిప్పుని బట్టి బత్తా, వే బిల్లులో టైము, రీచ్ దగ్గర లైను, కాటా దగ్గర లైను, ఇవన్నీ నాకు సారపాక టీ కొట్లో గంటన్నర చెప్పారు. రెండు రోజులు లైన్లో నిలబెట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, రోడ్డెక్కాక అర నిమిషం పోతే మాత్రం డ్రైవరు చేతగానోడు అవుతాడు. అది అన్యాయమే. ఆ అన్యాయాన్ని తీసుకొచ్చి నా వెనక చక్రం మీద దించకండి అంతే.

హారన్ సంగతి. దూరంగా ఉన్నప్పుడు ఒక చిన్న హారన్ కొట్టండి, దణ్ణం పెడతాను. పక్కకి వచ్చాక ఆ గాలి హారన్ మాత్రం వద్దు. మీకు అది "తప్పుకో" అని చెప్పడం, నాకు అది చెవిలో కొట్టడం, ఒళ్ళు జలదరించి చెయ్యి దానంతటదే కదులుతుంది, ఎటు కదులుతుందో నాకే తెలీదు.

తడి ఇసుక కాసేపు నీళ్ళు వార్చుకుని బయల్దేరితే, పైన పట్టా కట్టి, వెనక డోరు సందులో పాత గోనె కుక్కితే, మలుపుల్లో ఇసుక పడదు. కొంతమంది చేస్తున్నారు, చూశాను. చేసేవాళ్ళ బండి వెనక కిలోమీటరు తొక్కినా కంట్లో నలుసు పడలేదు.

ఇదంతా నా కోసమే అనుకోకండి. నాకు హెల్మెట్ ఉంది, ఇప్పుడు పగలు కూడా లైటు వేస్తున్నాను, ఎర్ర గుడ్డ ఉంది, చావకపోతే ఇంకో ట్రిప్ వేస్తాను, లేకపోతే ఇంట్లో కూర్చుంటాను. ఈ రోడ్ల మీద రోజూ సైకిల్ తొక్కేవాళ్ళు నాలాంటివాళ్ళు కాదు. పొద్దున్నే మంచులో బడికి పోయే ఆడపిల్లలు, ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ళ మీద ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటూ పోతారు. మిర్చి కోతకి పోయేవాళ్ళు. వెనక పచ్చగడ్డి మోపు వేసుకుని పోయే ముసలాయన, ఆ మోపు హ్యాండిల్ కన్నా వెడల్పు, ఆయనకి వెనక ఏముందో కనపడదు, మీకు ఆయన కనపడడు, నడిచే గడ్డివాములా ఉంటాడు. ఒకాయన రాయపట్నం బ్రిడ్జి మీద నాతో పాటు తొక్కాడు, సైకిల్‌కి బ్రేకుల్లేవు, చెప్పు నేలకి రాసి ఆపుతున్నాడు. నువ్వు సరదాకి తొక్కుతున్నావా అని అడిగి, నా జవాబు విని, పాపం పిచ్చోడు అన్నట్టు చూశాడు. నేను మూడు నెలలు ప్లాన్ వేసుకుని, భయపడుతూ భయపడుతూ తొక్కిన రోడ్డు ఆయనకి రోజూ సంతకి పోయే దారి.

మారేడుమిల్లి ఘాట్ గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఈ తొమ్మిది రోజుల్లో మీతో సమానంగా పోయింది అక్కడే. చింతూరులో శబరి బ్రిడ్జి దాటి, సోకిలేరు వాగు దగ్గర నీళ్ళు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను. నా ముందు సరుగుడు లోడు ఒకటి మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. నేనూ నడక స్పీడులోనే, అదీ నడక స్పీడులోనే. వెనక క్లీనరు కుర్రాడు చేతిలో చెక్క దిమ్మ పట్టుకుని నడుస్తున్నాడు, బండి ఆగితే టైరు కింద పెట్టడానికి. అంటే నేను, క్లీనరు, లారీ, ముగ్గురం ఒకే స్పీడు. పదిహేను ఇరవై నిమిషాలు అలాగే. ఆ కుర్రాడిది రంపచోడవరం దగ్గర ఊరట, సైకిల్ ఎంత అన్నాడు, చెప్పగానే దిమ్మ కింద పడేశాడు, దానికి మోటారు కూడా లేదు కదా అన్నాడు. ఒక మలుపులో లారీ నిజంగానే ఆగిపోయింది, వాడు పరిగెత్తి దిమ్మ పెట్టాడు, నేను వెనకనుంచి వచ్చే కారుకి చెయ్యెత్తి ఆపాను, డ్రైవరు అద్దంలోంచి నాకు రెండు వేళ్ళు ఎత్తి సలాం పెట్టాడు. ఆ నిమిషం నేను మీ ఆఫీసు మనిషినే అన్నంత గర్వం వచ్చింది. పైకి ఎక్కాక దిగుడులో మాత్రం నేను దాటి పోలేదు, వాళ్ళ ఇంజన్ బ్రేకు చప్పుడు వినుకుంటూ చాలా వెనక ఉండి దిగాను. మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నాను, అందరూ చెప్పినంత లేదు, కారం తక్కువ.

రాజమండ్రి మా ఊరు కాబట్టి ఒక రాత్రి ఇంట్లో పడుకుని, తెల్లారి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం. అక్కణ్ణుంచి ఏటిగట్టు. శనివారం కాకుండా చూసుకున్నాను, శనివారమైతే వాడపల్లి వెంకన్న జనంలో సైకిల్ ఎత్తుకుని నడవాల్సిందే. ఒకవైపు గోదారి, ఒకవైపు కొబ్బరి తోటలు, తలుపులు తీసుంటే వంటింట్లోంచి కూర వాసన గట్టు మీదకి వస్తుంది. ఇక్కడి అన్నలతో ఒక మాట విడిగా మాట్లాడాలి. ఆ గట్టు రోడ్డు కోసం వేసింది కాదు. మట్టి గట్టు, వరద ఆపడానికి వేసింది, మీదన తారు తర్వాత పూసింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగి ఏమైందో మా తరం వాళ్ళకి ఇప్పటికీ కలలోకొస్తుంది, నాకప్పుడు ఏడేళ్ళు, లాకుల మీద నుంచి పడవలో మా అమ్మమ్మని దింపారు. ఓవర్‌లోడు టిప్పర్లు రాత్రిళ్ళు ఆ గట్టు మీదే పోయి చక్రాల జాడలు లోతుగా చేసేశాయి, కొన్నిచోట్ల అంచు విరిగి జారిపోయింది. నా సైకిల్ దాంట్లో పడి కమ్మి వంగింది, అది పోనివ్వండి, మూడొందలతో పోయింది. జూలైలో ఎర్ర నీరు వచ్చినప్పుడు ఆ జాడల్లోంచే నీరు ఊరుతుంది, గట్టు కింద ఇళ్ళ వాళ్ళు టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా కాపలా కాస్తారు. వాళ్ళలో మీ ఇంటివాళ్ళు కూడా ఉంటారు కదండీ. లోడు తగ్గించమని నేను చెప్తే వినే ఓనరు లేడని తెలుసు. కిందనున్న రోడ్డు దూరమైనా దాని మీద పొండి.

2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండు రోజుల కోసం ఈ రోడ్లన్నీ తవ్వి, వేసి, మళ్ళీ తవ్వుతారు, ఆ పనులకి కంకర, ఇసుక తోలేది మీరే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అంచున తెల్ల గీతకి అవతల ఒక గజం తారు వెయ్యండి అని అడగాల్సింది మిమ్మల్ని కాదు, ఆ ఉత్తరం వేరే రాస్తాను, దానికి జవాబు వస్తుందన్న నమ్మకం ఇంకా తక్కువ.

నా వైపు నుంచి నేను మానేసినవి కూడా చెప్పాలి కదా. ఆగిన లారీకి ఎడమ సందులోంచి దూరను. మీ అద్దంలో మీ ముఖం నాకు కనపడకపోతే మీకు నేను కనపడనట్టే లెక్క. పగలూ లైటు. చీకటి పడ్డాక తొక్కను. చెవిలో పాటలు పెట్టుకోను, ఇంతకు ముందు పెట్టుకునేవాణ్ణి.

చివరి రోజు పి.గన్నవరం అక్విడెక్టు దాటి, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. తీర్థం అయిపోయి పది రోజులైంది, పాకలు విప్పేస్తున్నారు, రోడ్డు మీద జీళ్ళ కాయితాలు. అన్నాచెల్లెళ్ల గట్టు దాకా తోసుకుంటూ వెళ్ళి, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట చక్రం తడిపి, ఫోటో తీద్దామంటే ఫోన్ ఛార్జింగ్ లేదు. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒకాయన, "ఎక్కడ్నించండి బాబూ" అన్నాడు. బాసర అన్నాను. "ఆయ్, బస్సులుంటాయి కదండీ" అన్నాడు.

తిరిగి తొక్కే ఓపిక లేదు. మలికిపురంలో కొబ్బరికాయల లోడు ఒకటి రాజమండ్రి మీదుగా పోతుందంటే అడిగాను, సైకిల్ లోడు మీద పడుకోబెట్టి తాడేసి కట్టారు, నన్ను క్యాబిన్‌లో కూర్చోమన్నారు. క్లీనర్ లేడు. క్లీనర్ సీట్లో నేనే. సరే, ఇవాళ్టికి ఎడమ కన్ను నేనే అనుకుని గట్టిగా చూస్తూ కూర్చున్నాను. కొత్తపేట దాటేసరికి చీకటి పడింది, ఎదురు బళ్ళ లైట్లు కళ్ళలో కొడుతున్నాయి. ఉన్నట్టుండి డ్రైవరు కాలు బ్రేకు మీదకి పోయింది, గేరు తగ్గించాడు, బండి నెమ్మదిగా మూలుగుతూ వెళ్తోంది. ఏమైందండీ అన్నాను. గడ్డంతో ముందుకి చూపించాడు. నాకు ఏమీ కనపడలేదు. ఇంకాస్త దగ్గరికి వచ్చాక ఒక పెడల్ మెరుపు, దాని మీద గడ్డి మోపు, మోపు కింద రెండు కాళ్ళు. లైటు లేదు, ఏమీ లేదు. ఎదురు బస్సు పోయేదాకా ఆ మోపు వెనకే వచ్చి, తర్వాత కుడి వైపు బాగా తీసి దాటాడు. హారన్ కొట్టలేదు. నేను ఇంకా నోరు తెరిచి సైకిల్ అనబోతున్నాను.

పైన లోడు మీద నా సైకిల్‌కి ఆ ఎర్ర గుడ్డ అలాగే ఉంది, రాజమండ్రిలో దింపుతుంటే చూశాను, కొబ్బరి పీచు పట్టుకుని ఉంది.

ఇట్లు,
మీ బండి ఎడమ పక్కన ఎక్కడో ఒకడు